గట్టు మీద గడ్డికి ఎరువు వేసేదెవరు?
యొహానా డోబెరైనర్ జీవితం

వరికి యూరియా చల్లుతాం. మొక్కజొన్నకు వేస్తాం. చెరకుకి బస్తాల లెక్కన కుమ్మరిస్తాం. గట్టు మీద గడ్డికి మాత్రం ఎవరూ గుప్పెడు ఎరువు వేసిన పాపాన పోలేదు. పశువులు మేస్తాయి. కూలితల్లులు కోసి మోపులు కట్టి తీసుకుపోతారు. ఎండాకాలంలో మాడిపోతుంది. తొలకరి పడిన కొద్ది రోజులకే మళ్లీ పచ్చగా లేస్తుంది. కోసుకుపోయిన ప్రతి మోపుతోనూ భూమిలోని నత్రజని కొంత వెళ్లిపోతూనే వుంది. మరి ఆ లోటు ఎక్కడ పూడుతున్నది?

ఇదేదో పనిలేని వాళ్ల ప్రశ్న కాదు. వరి, గోధుమ, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, చెరకు - ఇవన్నీ గడ్డిజాతి మొక్కలే. గట్టు మీద గడ్డికి దాయాదులే. ప్రపంచంలో మనుషులు తినే తిండిలో దాదాపు సగం ఈ కుటుంబం నుంచే వస్తుంది. నత్రజని కరువులో గడ్డి ఎలా బతుకుతుందో తెలిస్తే రైతు కొనే బస్తాల లెక్క మారుతుంది. బస్తాల లెక్క మారితే అప్పుల లెక్క కూడా మారుతుంది.

ఈ ప్రశ్ననే పట్టుకుని దాదాపు 50 ఏళ్లు పనిచేసిన మనిషి బ్రెజిల్ శాస్త్రజ్ఞురాలు యొహానా డోబెరైనర్. 2000 సంవత్సరంలో ఆమె చనిపోయింది. బ్రెజిల్‌లో వ్యవసాయం చదువుకున్న వాళ్లలో ఆమె పేరు తెలియని వాళ్లు అరుదు. మన దగ్గర ఆమె వెలుగులోకి తెచ్చిన సూక్ష్మజీవి పాకెట్లలో దొరుకుతుంది గానీ, ఆమె కథ మాత్రం పొలందాకా రాలేదు. అందుకే ఆ కథ చెప్పుకుందాం.

పేడ ఎత్తిన చేతులు

యొహానా 1924 నవంబరు 28న చెకొస్లొవేకియాలో ఆసిగ్ అనే పట్టణంలో పుట్టింది. జర్మన్ మాట్లాడే కుటుంబం. తండ్రి పాల్ కుబెల్కా రసాయన శాస్త్రవేత్త, ప్రాగ్ నగరంలో అధ్యాపకుడు. చదువు, పుస్తకాలు, నగర జీవితం - ఆమె బాల్యం అలా గడిచింది.

తరవాత హిట్లర్ యుద్ధం వచ్చింది. ఫాసిజం ఐరోపానంతా రక్తంలో ముంచింది. 1945లో అది కూలిపోయాక, దాని వెంట తూర్పు ఐరోపాలోని జర్మన్ కుటుంబాలు లక్షలాదిగా ఇళ్లూ వాకిళ్లూ వదలి వెళ్లాల్సి వచ్చింది. యుద్ధాలు మొదలుపెట్టేది పాలకులు. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రోడ్డున పడేది జనం. ఆ గందరగోళంలో యొహానా కుటుంబం చెల్లాచెదురైంది. తల్లి చనిపోయింది. 20 ఏళ్ల పిల్ల, ముసలివాళ్లయిన తాత, అవ్వలను పోషించాల్సిన బాధ్యత నెత్తిన పడింది.

అప్పుడామె జర్మనీలో పొలాల్లో కూలికి కుదిరింది. ఆవుల పాలు పితికింది. పేడ ఎత్తి పొలానికి తోలింది. ప్రొఫెసరు గారి కూతురు పశువుల కొట్టంలో పనిచేసింది. ఎరువు అంటే ఏమిటో పుస్తకం చదివి కాదు, ముందు వీపు నొప్పితో తెలుసుకుంది. ఇక్కడ మనం ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవటానికి కారణం వుంది. తరవాతి కాలంలో ఆమె చేసిన శాస్త్రం ఖరీదైన యంత్రాల శాస్త్రం కాదు. వేరు పీకి, మట్టి దులిపి, కడిగి చూసే శాస్త్రం.

1947లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రం చదువుకు చేరింది. అక్కడే పశువైద్యం చదువుతున్న యూర్గెన్ డోబెరైనర్‌తో పరిచయమైంది, 1950లో పెళ్లి చేసుకున్నారు. తండ్రి అప్పటికే బ్రెజిల్ చేరుకున్నాడు. యుద్ధం మింగేసిన ఐరోపాలో బతుకుతెరువు దొరక్క ఈ దంపతులు కూడా ఓడ ఎక్కారు.

47వ కిలోమీటరు దగ్గర

రియో డి జనీరో నుంచి సావో పాలో వెళ్లే పాతరోడ్డు మీద 47వ కిలోమీటరు దగ్గర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వుంది. ఊరి పేరు సెరొపెడికా. 1951లో యొహానా అక్కడ ఉద్యోగంలో చేరింది. నేలలోని సూక్ష్మజీవుల మీద ఆమెకు అప్పటికి ప్రత్యేకమైన చదువేమీ లేదు. ఆల్వారో ఫాగుండెస్ అనే పెద్దాయన తన ప్రయోగశాలలో చోటిచ్చాడు. అక్కడే నేర్చుకుంది, అక్కడే స్థిరపడింది, చివరిదాకా అక్కడే వుంది. 1956లో బ్రెజిల్ పౌరసత్వం తీసుకుంది. ముగ్గురు పిల్లలను పెంచింది. 1963లో అమెరికా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి పైచదువు పట్టా తెచ్చుకుని మళ్లీ ఆ 47వ కిలోమీటరుకే తిరిగి వచ్చింది.

ఆ రోజుల్లో వెనుకబడిన దేశాలకు సంపన్న దేశాలు చెప్పే పాఠం ఒక్కటే. మా విత్తనం కొనండి, మా ఎరువు కొనండి, మా పద్ధతి పాటించండి. ఎరువు వేస్తేనే పండే రకాలను తయారుచేయటమే శాస్త్రం అనిపించుకుంది. ఈమె మటుకు ప్రశ్నను తిరగేసి అడిగింది. ఎరువు కొనలేని దేశం సంగతేమిటి? తక్కువ నత్రజనితో బతకగల మొక్కలు ఏవి? అవి ఎలా బతుకుతున్నాయి?

ఆమె వెతుకులాట అర్థం కావాలంటే ముందు నత్రజని సంగతి కాస్త చూద్దాం.

కరువులో గడ్డి పడే పాట్లు

నత్రజని లేనిదే ఆకుపచ్చ లేదు, గింజలో మాంసకృత్తులు లేవు. మన తల మీద గాలిలో 78 పాళ్లు నత్రజనే. అయినా మొక్క దాన్ని ముట్టలేదు. గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున గట్టిగా ముడిపడి వుంటాయి. ఆ ముడి విప్పితేనే అది మొక్కకు ఆహారమవుతుంది. ఫ్యాక్టరీలో అయితే 400 డిగ్రీలకు మించిన వేడి, భయంకరమైన పీడనం, బోలెడంత ఇంధనం కావాలి. మన యూరియా అలా తయారయ్యేదే. కొన్ని జాతుల బాక్టీరియా మాత్రం ఇదే పనిని మామూలు నేలలో, మామూలు వేడిలో చేస్తుంది. అయితే దానికి కూలి గిట్టాలి. ఆ కూలి చక్కెర.

కంది, పెసర, మినుము, వేరుశనగ, జనుము వంటి పప్పుజాతి మొక్కలు వేళ్ల మీద బుడిపెలు కట్టి, బాక్టీరియాను లోపల కూర్చోబెట్టి, చక్కెర పెట్టి పని చేయించుకుంటాయి. ఈ సంగతి జర్మనీలో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త 1886లో తేల్చాడు. గడ్డిజాతికి బుడిపెలు లేవు. కాబట్టి అవి పూర్తిగా నేల మీద, మనం వేసే ఎరువు మీద ఆధారపడాల్సిందేనని పుస్తకాలు రాశాయి.

కాని గడ్డి చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. నత్రజని తక్కువైనప్పుడు అది ఏం చేస్తుందో ఇప్పుడు శాస్త్రజ్ఞులకు చాలావరకు తెలుసు.

మొట్టమొదట అది ఉన్నదాన్ని సర్దుకుంటుంది. ముసలి ఆకుల్లోని మాంసకృత్తులను విరగ్గొట్టి నత్రజనిని లేత ఆకులకు, కంకికి పంపిస్తుంది. మొక్కజొన్నలో కింది ఆకులు ముందుగా, కొస నుంచి నడిమి ఈనె వెంట పసుపురంగు తిరగటం మన కూలీలందరూ చూసిందే. అది మొక్క ఆకలి కేక. ఇంట్లో గింజలు తక్కువైనప్పుడు పెద్దవాళ్లు పస్తుండి పిల్లలకు పెట్టినట్టే.

రెండోది, పైన ఎదుగుదల తగ్గించుకుని వేళ్లకు బలం పంపుతుంది. వేళ్లు ఎక్కువ దూరం పోయి వెతుకుతాయి. మూడోది, వేరు చర్మం మీద నత్రజని లోపలికి వచ్చే దారులు రెండు రకాలు. నత్రజని దండిగా వున్నప్పుడు పనిచేసే వెడల్పాటి దారులు ఒకటి. కొద్దిగా వున్నదాన్ని కూడా ఏరి పట్టుకునే గట్టి దారులు రెండోది. కరువు వచ్చిందంటే ఈ రెండో రకాన్ని మొక్క పెంచుకుంటుంది.

నాలుగోది ఇంకా చిత్రమైంది. నేలలోని ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు నీటితో పాటు కిందికి జారిపోతుంది. మన జొన్న, బ్రెజిల్ పచ్చికల్లో పెరిగే బ్రాకియేరియా గడ్డి వేళ్ల నుంచి కొన్ని పదార్థాలను వదిలి ఈ మార్పిడిని అడ్డుకుంటాయని, అంటే వున్న నత్రజనిని తమ కాళ్ల దగ్గర కట్టిపెట్టుకుంటాయని ఇటీవలి దశాబ్దాల్లో తేలింది. బ్రాకియేరియా వదిలే అసలు పదార్థాన్ని 2009లో పట్టుకున్నారు.

అయిదోది యొహానా వెతికింది. గడ్డి వేళ్లు చక్కెరలూ ఆమ్లాలూ నేలలోకి చిమ్ముతాయి. మొక్క చెమటోడ్చి తయారుచేసుకున్న తిండిని నేలపాలు చేస్తుందెందుకు? ఆ తిండి తిని బతికేవాళ్లు ఎవరు? వాళ్లు బదులుగా ఏమైనా ఇస్తున్నారా?

సోయా దగ్గర నెగ్గిన వాదన

గడ్డి సంగతి తేలకముందే ఆమె మరో పెద్ద పని చేసింది. 1960ల్లో బ్రెజిల్ సోయాచిక్కుడు సాగు మొదలుపెట్టినప్పుడు అమెరికాలోలాగా కొంత ఎరువు వేసి పండించే పద్ధతి ముందుకొచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. నత్రజని ఎరువు వేసిన చోట బుడిపెలు బద్ధకిస్తాయి, తిండి బయట దొరికితే మొక్క బాక్టీరియాను పోషించదు. కాబట్టి ఎరువు వేయకుండానే మంచి బుడిపెలు కట్టే రకాలను ఎంచుకోవాలి, రైజోబియం బాక్టీరియాను విత్తనానికి పట్టించాలి అని పట్టుబట్టింది. ఆమెతో పాటు మరికొందరు బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఇదే బాట పట్టారు.

ఆ వాదనే నెగ్గింది. టన్ను సోయాగింజలు పండాలంటే మొక్కకు సుమారు 80 కిలోల నత్రజని కావాలి. హెక్టారుకి 3 టన్నులు పండితే 240 కిలోలు. ఇవాళ బ్రెజిల్ ప్రపంచంలోకెల్లా ఎక్కువ సోయా పండిస్తోంది, ఆ నత్రజనిలో అత్యధిక భాగం బాక్టీరియా ఇస్తున్నదే. ఏటా వందల కోట్ల డాలర్ల ఎరువు ఖర్చు ఆ దేశానికి మిగులుతోంది. ఒక పరిశోధనాలయంలో ఒక స్త్రీ పట్టుదల ఏపాటి పని చేయగలదో చెప్పటానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

వేరు మీద దొరికిన ఆధారం

మళ్లీ గడ్డి దగ్గరికి వద్దాం. 1950ల్లోనే ఆమె చెరకు వేళ్ల చుట్టూ వున్న మట్టిని చూసి, నత్రజనిని పట్టే బాక్టీరియా అక్కడ మామూలు మట్టిలోకన్నా ఎక్కువ గుమిగూడి వుందని గమనించింది. బ్రెజిల్ పచ్చికల్లోనూ రోడ్ల పక్కనా పెరిగే పస్పాలం అనే గడ్డి వుంది. దాని వేళ్లను పరీక్షించి 1966లో ఒక కొత్త బాక్టీరియాను ప్రకటించింది. అది ఎక్కడపడితే అక్కడ దొరకలేదు. ఆ గడ్డిలోనూ కొన్ని రకాల వేళ్ల మీదనే స్థిరపడి వుంది. అంటే ఇది దారిన పోయే బంధుత్వం కాదు. ఆ మొక్కకూ ఆ బాక్టీరియాకూ పొత్తు వుంది.

దొరికినంత మాత్రాన సరిపోదు, పనిచేస్తున్నదా లేదా అన్నది కొలవాలి. అప్పుడే కొత్తగా ఒక పరీక్ష వచ్చింది. మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడ్ నుంచి వచ్చే గ్యాసు మనకు తెలుసు. అదే ఎసిటిలిన్. నత్రజని ముడి విప్పే బాక్టీరియా ఈ గ్యాసును కూడా వేరే గ్యాసుగా మారుస్తుంది. ఎంత మార్చిందో కొలిస్తే పని ఎంత జరుగుతున్నదో తెలుస్తుంది. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ కేంద్రానికి చెందిన జాన్ డే, పీటర్ డార్ట్‌లతో కలిసి ఆమె 1972లో పస్పాలం వేళ్ల మీద ఈ పని జరుగుతున్నదని చూపించింది. ఈ డార్ట్ తరవాత మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు వచ్చి జొన్న, సజ్జ వేళ్ల మీద ఇదే పని సాగించాడు.

ఆమె వాడిన మరో ఉపాయం చూడండి. ఈ బాక్టీరియాకు గాలి కావాలి, కాని ఎక్కువైతే నత్రజని పట్టే శక్తి చచ్చిపోతుంది. పెంచటం ఎలా? చిన్న గాజుసీసాలో పల్చటి జావలాంటి పదార్థం పోసి, అందులో నత్రజని మాత్రం వేయకుండా, వేరుముక్క వేసి వదిలేసేది. బాక్టీరియా తనకు సరిపడా గాలి వున్న లోతు తానే వెతుక్కుని ఈదుకుంటూ అక్కడికి చేరేది. రెండు మూడు రోజులకు పైమట్టానికి కాస్త కింద పల్చని తెర కట్టేది. పాల మీద మీగడ కట్టినట్టు, కాకపోతే అడుగున. ఆ తెర కనిపిస్తే చాలు, నత్రజని పట్టేవాడు దొరికినట్టే. పేద దేశాల ప్రయోగశాలలు సైతం ఈ పద్ధతిని సులువుగా అందుకున్నాయి.

ఇలా దొరికిన వాటిల్లో ముఖ్యమైంది వంపులు తిరిగిన ఒక బాక్టీరియా. హాలెండ్ శాస్త్రవేత్త బైయరింక్ 1920ల్లో దీన్ని చూశాడు గానీ తరవాత అందరూ మరిచిపోయారు. యొహానా దాన్ని గడ్డి వేళ్ల మీద, మొక్కజొన్న వేళ్ల మీద పట్టుకుంది. 1978లో ఆమె, అమెరికాలోని సహచరులు కలిసి దానికి అజోస్పైరిల్లం అని పేరు పెట్టారు.

పొగడ్త, ఎదురుదెబ్బ, నిజం

అది 1970ల నడుమ. 1973 చమురు సంక్షోభంతో ఎరువుల ధరలు ఆకాశానికి ఎగిరిన కాలం. 1975లో మొక్కజొన్న వేళ్ల మీద ఈ బాక్టీరియా బాగా నత్రజని పడుతున్నదని ఆమె బృందం ప్రకటించగానే ప్రపంచమంతా అటు తిరిగింది. ఇక మొక్కజొన్నకు, గోధుమకు యూరియా అక్కర్లేదన్నట్టుగా ఆశలు లేచాయి.

తరవాత అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ పొలాల్లో వేసి చూస్తే అంత ఫలితం రాలేదు. కోసిన వేళ్లను సీసాల్లో ముందుగా నిలవబెట్టి కొలిచిన పద్ధతిలో లెక్క ఎక్కువ చూపిస్తుందని తేలింది. ఇక్రిశాట్ ప్రయోగాల్లో కూడా కొన్నిచోట్ల దిగుబడి పెరిగింది, కొన్నిచోట్ల పెరగలేదు. గుర్తుపెట్టిన నత్రజనితో కొలిస్తే మొక్కజొన్నకు గాలి నుంచి వచ్చే వాటా తక్కువేనని బయటపడింది.

మరి అజోస్పైరిల్లం ఉత్తదేనా? కాదు. అది వేళ్లను పెంచే పదార్థాలను విడుదల చేస్తుంది. వేళ్లకు కొమ్మలు ఎక్కువ వస్తాయి, నూగు పెరుగుతుంది. దాంతో నేలలో వున్న నత్రజనిని, నీటిని మొక్క ఎక్కువగా అందుకోగలుగుతుంది. గాలి నుంచి తెచ్చేది కొద్దిగానే అయినా, వున్నదాన్ని అందుకునే చేతులను పెంచుతుంది. అంటే కరువులో గడ్డి స్వయంగా చేసే పనికే ఇది సాయం పడుతుంది.

ఎదురుదెబ్బ తగిలిందని ఆమె పని మానలేదు. ప్రయోగశాలలో ఇంకా నమ్మకమైన కొలతలు మొదలయ్యాయి. శాస్త్రం ముందుకుపోయేది ఇలాగే. ఒకరు చెప్పింది పదిమంది పొలాల్లో పెట్టి చూస్తారు. తేలింది నిలబడుతుంది, తేలనిది రాలిపోతుంది.

చెరకులో దాగిన సాయం

అన్నిటికన్నా పెద్ద ఫలితం చెరకులో వచ్చింది. బ్రెజిల్‌లో వందలాది ఏళ్లుగా చెరకు సాగులో వుంది. కొన్ని నేలల్లో ఎరువు పెద్దగా వేయకపోయినా, ఏటా టన్నులకు టన్నులు నరుకుతున్నా, నేలలో నత్రజని అడుగంటలేదు. మన దేశంలో చాలాచోట్ల చెరకుకి హెక్టారుకి 150 కిలోలకు మించి నత్రజని వేస్తుంటే అక్కడ సగమే వేసి నెట్టుకొస్తున్నారు. ఎందుకని?

1988లో ఆమె, ఆమె సహచరుడు కావల్కాంతె కలిసి చెరకు వేళ్లలోనూ గడలోనూ కాపురమున్న ఒక బాక్టీరియాను కనిపెట్టారు. అది నేల మీద కాదు, మొక్క లోపలే వుంటుంది. 10 పాళ్ల చక్కెర వున్న రసంలో హాయిగా పెరుగుతుంది, పుల్లటి రసాన్ని తట్టుకుంటుంది. చెరకు గడను తనకోసమే కట్టిన ఇల్లులా వాడుకుంటుంది. ముచ్చెలతో పాటు ఒక తోట నుంచి మరో తోటకు పోతుంది. అంతకుముందు 1986లో ఆమె బృందం గడ్డిజాతి మొక్కల్లోనే మరో బాక్టీరియాను వర్ణించి దానికి సెరొపెడికా ఊరి పేరే పెట్టింది.

1992లో ఆ కేంద్రం శాస్త్రజ్ఞులు మూడేళ్ల కొలతల ఫలితాలు ప్రకటించారు. కొన్ని చెరకు రకాలు, నీరూ మిగతా పోషకాలూ బాగా అందినప్పుడు, తమ నత్రజనిలో సగానికి పైగా గాలి నుంచే పొందాయని తేలింది. అన్ని రకాలూ కాదు, అన్ని పొలాల్లోనూ కాదు. అయినా బుడిపెలు లేని గడ్డి కూడా గాలి నుంచి తిండి సంపాదించగలదని రుజువైంది. బ్రెజిల్ రైతులు తరతరాలుగా ఎరువు తక్కువ వున్న నేలల్లో బాగా వచ్చిన చెరకునే ఏరుకుంటూ వచ్చారు. తెలియకుండానే ఈ పొత్తు బలంగా వున్న రకాలను నిలబెట్టారని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఎరువు దండిగా పోసి రకాలను ఎంపిక చేసే చోట ఈ గుణం పనికిరానిదిగా కనిపించి జారిపోతుంది.

ఇక్కడే ఆమె జీవితం చెప్పే పెద్ద పాఠం వుంది. విత్తనాన్ని ఎవరి పొలంలో, ఎంత ఎరువు వేసి పరీక్షిస్తారన్నది ఉత్త సాంకేతిక విషయం కాదు. బస్తాలు కొనగలవాడి పొలంలో పరీక్షించిన విత్తనం బస్తాలు కొనగలవాడికే పండుతుంది. కొనలేనివాడి నేలలో ఎంపిక చేసిన విత్తనం కొనలేనివాడిని నిలబెడుతుంది.

మిగిలింది ఎవరికి?

ఆమెకు గౌరవాలు చాలా వచ్చాయి. 1989లో యునెస్కో విజ్ఞానశాస్త్ర బహుమతి అందుకుంది. అవన్నీ ఆమె అర్హురాలైన గౌరవాలే. కాని రైతాంగం పక్షాన నిలబడి కథ చెప్పుకునే మనం ఇంకో లెక్క కూడా చూడాలి. బాక్టీరియా మిగిల్చిన ఆ డబ్బు ఎవరి చేతికి పోయింది?

బ్రెజిల్‌లో భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడి వుంది. 1964 నుంచి 1985 దాకా సైనిక నియంతలు పాలించారు. 1975లో చెరకు నుంచి మోటారు ఇంధనం తీసే పథకం మొదలుపెట్టారు. చెరకు తోటలు విస్తరించాయి. వాటిని నరికే కూలీలకు అక్కడో పేరుంది - చద్దికూటి వాళ్లని దాని అర్థం. తెల్లవారుజామున వండుకున్నది చల్లారిపోయాక తోటలో తినేవాళ్లు కాబట్టి ఆ పేరు. 1984 మే నెలలో సావో పాలో రాష్ట్రంలోని గువారిబాలో ఈ కూలీలు తిరగబడ్డారు. ఒక్కొక్కరు అయిదు సాళ్ల చొప్పున నరికేదాన్ని యజమానులు ఏడు సాళ్లు చేశారు. పని పెరిగింది, కూలి పడిపోయింది. సమ్మె మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ప్రాణనష్టం జరిగింది. చివరకు యజమానులు దిగివచ్చి ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

చెరకు లోపలి బాక్టీరియా నత్రజనిని ఉచితంగానే ఇచ్చింది. దానివల్ల కూలి ఒక్క పైసా పెరగలేదు. కూలి పెరిగింది సమ్మె వల్ల. గాలిలో నత్రజని అందరిదే అయినా నేల ఎవరిదో పంట మిగులు వాళ్లదవుతుంది. సోయా మీద మిగిలిన వందల కోట్ల డాలర్లలో పెద్ద వాటా పెద్ద కమతాలకు, ఎగుమతి వ్యాపారులకు పోయింది. ఇప్పటికీ బ్రెజిల్ తన ఎరువుల్లో ఎక్కువ భాగాన్ని దిగుమతి చేసుకుంటూనే వుంది. దీనికి శాస్త్రజ్ఞురాలిని తప్పుపట్టి లాభం లేదు. ఆమె ప్రయోగశాలలో తేలే లెక్క కాదిది.

మన పొలాల మాట

2025 ఖరీఫ్‌లో తెలంగాణలో యూరియా కోసం రైతులు సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి రాత్రింబవళ్లు కాచుకున్నారు. ఆ వరసల్లో ఎక్కువ నలిగింది చిన్నరైతు, కౌలురైతు. 45 కిలోల యూరియా బస్తాలో వుండే నత్రజని 21 కిలోల లోపే. మాగాణిలో వేసిన యూరియాలో సగం కూడా పంటకు ఎక్కదు. మిగిలింది గాలిలో కలుస్తుంది, నీటిలో జారుతుంది. నష్టం మాత్రం రైతు ఖాతాలో పడుతుంది.

డోబెరైనర్ పని ఇక్కడ మనకు పనికివస్తుంది. అజోస్పైరిల్లం జీవన ఎరువుగా మన దగ్గర దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2006లో జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. పొడి రూపంలో వుండే పాకెట్లో గ్రాముకి కనీసం 5 కోట్ల సజీవ కణాలుండాలని నిబంధన పెట్టింది. ఇది యూరియాకు పూర్తి బదులు కాదు. ఎవరైనా అలా చెప్పి అమ్మితే నమ్మవద్దు. పశువుల ఎరువు, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట, పప్పుజాతి పంట మార్పిడి - వీటితో కలిపి వాడితే వేసే నత్రజనిలో కొంత తగ్గించుకోవచ్చు.

కొనేటప్పుడు గడువు తేదీ చూడాలి. పాకెట్‌ను ఎండలో పెట్టకూడదు. విత్తనానికి నీడలోనే పట్టించాలి. రసాయన మందులతో, ఎరువులతో కలపకూడదు. లోపలున్నది ప్రాణమున్న సరుకు. కొట్లో మండుటెండకు మాడి చచ్చిన బాక్టీరియాను అంటగడితే రైతు కొన్నది బొగ్గుపొడి అవుతుంది. నమూనాలు తీసి పరీక్షించమని, ప్రభుత్వ కేంద్రాల్లోనే తయారుచేసి తక్కువ ధరకు అందించమని, కౌలురైతులకు కూడా ఇవ్వమని అడగటం రైతుసంఘాల పని. తక్కువ నత్రజనితో నిలబడే వరి, జొన్న, చెరకు రకాలను మన పరిశోధనా కేంద్రాలు పేదరైతు చేలల్లోనే పరీక్షించాలని అడగటం కూడా మన పనే.

యొహానా డోబెరైనర్ 2000 అక్టోబరు 5న సెరొపెడికాలోనే కన్నుమూసింది. వయసు 75. పేడ ఎత్తిన చేతులతోనే వేరు కడిగి, అందులో పేదవాడికి పనికివచ్చేది ఏదో వుందని నమ్మి వెతికింది, కొంత కనుక్కుంది. కనుక్కున్నది పేదవాడిదాకా చేర్చే పని ఆమెది కాదు, మనది. అది సీసాలో తెరకట్టినట్టు తనంతట తాను జరిగేది కాదు. సంఘం పెట్టి, కలిసి అడిగి, సాధించుకోవాల్సిందే.